చైనా ‘బెల్ట్ అండ్ రోడ్’ పథకం: విదేశీ వార్తా మాధ్యమాల్లో చిత్రణ

చైనా 2013లో ప్రకటించిన బెల్ట్ అండ్ రోడ్ పథకం (బీఆర్ఐ) గురించి ఆ దేశం వెలుపలి పత్రికలు, వార్తా సంస్థలు, టీవీ చానళ్లు ఏం రాశాయి, ఏం చూపాయి, అవి అలా ఎందుకు రూపుదిద్దుకున్నాయి అన్నది ఈ వ్యాస విషయం. ఇరుగుపొరుగు దేశాలతో వాణిజ్యం, రవాణా, రుణాల ద్వారా ఒక దేశం తన చుట్టూ ఆర్థిక వలయం ఏర్పరచుకునే విధానాన్ని ప్రాంతీయ ఆర్థిక విధానం అనవచ్చు. ఈ శతాబ్దంలో అలాంటి విధానాల్లో విదేశీ పత్రికలు అత్యధికంగా చర్చించిన వాటిలో బీఆర్ఐ ముందుంటుంది. పథకం అసలు లాభనష్టాల లెక్క ఇక్కడ ప్రధానం కాదు. వార్తను అర్థం చేసుకోవడానికి అవసరమైన మేరకే అది ప్రస్తావనకు వస్తుంది.

పూర్వరంగం: విదేశీ వార్తపై పరిశోధన

దూరదేశపు సంఘటన ఎప్పుడు వార్త అవుతుందన్న ప్రశ్నపై తొలి ప్రామాణిక అధ్యయనం నార్వే పరిశోధకులు యోహాన్ గాల్టుంగ్, మారి రూగెలది (1965). కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను నార్వే పత్రికలు ఎలా రాశాయో పరిశీలించి, ప్రతికూల ఘటనలకూ, అగ్రరాజ్యాలతో ముడిపడ్డవాటికీ, స్పష్టమైన వ్యక్తులున్నవాటికీ చోటు తేలిగ్గా దొరుకుతుందని వారు తేల్చారు. ఒక రైలు మార్గం పదేళ్లపాటు నెమ్మదిగా సరుకు మోయడం ఈ కొలతల్లో దేనికీ అందదు. అదే రైలు మార్గం కోసం తెచ్చిన అప్పు కట్టలేక ప్రభుత్వం చిక్కుల్లో పడితే అన్నింటికీ అందుతుంది.

ఒక విషయంలో కొన్ని అంశాలను ఎంచి ముందుకు తెచ్చి, వాటి ద్వారా కారణాన్నీ, తప్పెవరిదన్న తీర్పునూ, పరిష్కారాన్నీ సూచించడాన్ని అమెరికా పరిశోధకుడు రాబర్ట్ ఎంట్‌మన్ 1993లో ‘చట్రం కట్టడం’గా వివరించాడు. బీఆర్ఐ వార్తలపై వచ్చిన అధ్యయనాలు ఎక్కువగా ఈ భావన మీదే ఆధారపడ్డాయి. మూడో ప్రపంచ దేశాల గురించి ప్రపంచం చదివే వార్తలన్నీ కొద్ది పాశ్చాత్య ఏజెన్సీల గుండానే వస్తున్నాయన్న ఫిర్యాదు అంతకన్నా పాతది. అలీన దేశాల వార్తా సంస్థల కూటమి 1970ల మధ్యలో పుట్టిందీ, యునెస్కో నియమించిన మెక్‌బ్రైడ్ కమిషన్ 1980లో నివేదిక ఇచ్చిందీ ఆ ఫిర్యాదు వల్లే. బీఆర్ఐ కాలంలో చైనా అదే వాదనను సొంత మాధ్యమాల విస్తరణకు సమర్థనగా ముందుకు తెచ్చింది (చూ. చైనా ప్రభుత్వ మాధ్యమాలు).

వార్తల కాలక్రమం

చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ 2013 సెప్టెంబరులో కజకిస్థాన్ రాజధాని ఆస్తానాలోని నజర్బయేవ్ విశ్వవిద్యాలయంలో సిల్క్ రోడ్ ఆర్థిక మండలాన్ని, మరుసటి నెలలో ఇండోనేసియా పార్లమెంటులో సముద్ర సిల్క్ రోడ్‌ను ప్రతిపాదించారు. ఈ రెండింటి కలయికే బీఆర్ఐ. ఆ రెండు ప్రసంగాలూ అప్పట్లో విదేశీ పత్రికల మొదటి పేజీలకు ఎక్కలేదు. దౌత్య పర్యటనలో వినిపించే మామూలు మాటలుగానే అవి గడిచిపోయాయి.

2014 నవంబరులో 4,000 కోట్ల డాలర్ల సిల్క్ రోడ్ నిధి ప్రకటన వెలువడింది. 2015 మార్చిలో అమెరికా అభ్యంతరాన్ని పక్కనపెట్టి బ్రిటన్, చైనా ప్రతిపాదించిన ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు (ఏఐఐబీ)లో చేరతామని ప్రకటించింది. ఆ ఏప్రిల్‌లో పాకిస్థాన్‌తో 4,600 కోట్ల డాలర్ల ఆర్థిక నడవా ఒప్పందం కుదిరింది. పథకాన్ని విదేశీ పత్రికలు నిలకడగా పట్టించుకోవడం ఈ మూడు వార్తలతో మొదలైంది. ఆ రోజుల్లో ఎక్కువగా వాడిన పోలిక మార్షల్ ప్రణాళిక. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ ఐరోపాకు అమెరికా ఇచ్చిన ఆ సాయంలో అధిక భాగం గ్రాంటు. చైనా ఇచ్చింది ఎక్కువగా రుణం. ఈ తేడాను తొలి కథనాల్లో చాలా భాగం పట్టించుకోలేదు.

2017 మే నెలలో బీజింగ్‌లో జరిగిన తొలి బెల్ట్ అండ్ రోడ్ శిఖరాగ్ర సమావేశంతో పథకం ప్రపంచ వార్త అయింది. దాన్ని బహిష్కరించిన భారత్, పాకిస్థాన్ నడవా కశ్మీర్ గుండా వెళ్తోందన్న సార్వభౌమత్వ అభ్యంతరంతోపాటు, మోయలేని రుణభారం సృష్టించని ప్రాజెక్టులే ఉండాలన్న షరతును కూడా తన ప్రకటనలో చేర్చింది. ఆ తర్వాతి రెండేళ్లలో పాశ్చాత్య పత్రికల్లో వాణిజ్యం మాట తగ్గి అప్పు మాట పెరిగింది. కోవిడ్ కాలంలో రుణాల వాయిదాలు, శ్రీలంక, జాంబియాల దివాలా వార్తలు వచ్చాయి. 2019 మార్చిలో చేరిన ఇటలీ 2023 డిసెంబరులో వైదొలగింది. జీ7 దేశాల్లో ఈ పథకంలో చేరింది అదొక్కటే కావడంతో ఆ రాకపోకలు రెండింటికీ వాటి ఆర్థిక విలువకు మించిన ప్రచారం దక్కింది.

ప్రధాన చట్రాలు

విదేశీ కథనాల్లో మళ్లీ మళ్లీ కనిపించే చట్రాలు నాలుగైదు ఉన్నాయి. అవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చినవి కావు. ఒకే పత్రికలో, కొన్నిసార్లు ఒకే కథనంలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఆర్థిక పత్రికలు తొలినుంచీ అవకాశాల చట్రాన్ని ఎక్కువగా వాడాయి: రేవులు, రైళ్లు, కాంట్రాక్టులు, వాటిలో బహుళజాతి కంపెనీల వాటా. రక్షణ వ్యవహారాల విలేకరులకు అవే రేవులు నౌకా స్థావరాలకు ముందడుగుగా కనిపించాయి. హిందూ మహాసముద్రంలో చైనా ‘ముత్యాల హారం’ అన్న మాట 2005లో అమెరికా సంస్థ బూజ్ అలెన్ హామిల్టన్ నివేదికలో వచ్చింది. బీఆర్ఐ కన్నా ఎనిమిదేళ్ల పాతదైన ఆ మాటను భారత పత్రికలు కొత్త పథకానికి అలాగే అతికించాయి.

మూడోది వృథా ఖర్చు చట్రం. ఇందులో ఛాయాచిత్రానిదే పైచేయి. శ్రీలంకలోని మత్తల విమానాశ్రయం 2013లో ప్రారంభమైంది. ప్రపంచంలోకెల్లా ఖాళీ అంతర్జాతీయ విమానాశ్రయమన్న పేరుతో అది పదుల కొద్దీ విదేశీ కథనాల్లోకి ఎక్కింది. ప్రయాణికులు లేని హాలు, అడవి జంతువులను రన్‌వే నుంచి తరమడానికి దిగిన సైనికులు, సరుకుల భవనంలో నిల్వచేసిన వడ్లు: ఈ మూడు వివరాల్లో కనీసం ఒకటి లేని కథనం అరుదు. పర్యావరణం, కార్మిక హక్కులు, పారదర్శకత నాలుగో రకం. బొగ్గు విద్యుత్ కేంద్రాలకు చైనా రుణాలిచ్చిన తీరుపై ఈ కోవలో లోతైన నివేదికలు వచ్చాయి. వీటన్నింటినీ మించి పాతుకుపోయింది మాత్రం రుణ ఉచ్చు చట్రం.

హంబన్‌టోట: ఒక కథనం పెరిగిన తీరు

కట్టలేనంత అప్పు కావాలనే ఇచ్చి, చివరికి ఆస్తిని చేజిక్కించుకోవడం చైనా ఎత్తుగడ అనే వాదానికి ‘రుణ ఉచ్చు దౌత్యం’ అని పేరుపెట్టింది భారత వ్యూహ నిపుణుడు బ్రహ్మ చెలానీ. 2017 జనవరిలో ప్రాజెక్ట్ సిండికేట్ వ్యాసంలో ఆయన ఈ మాట వాడారు. అదే ఏడాది జులైలో శ్రీలంక హంబన్‌టోట రేవును చైనా మర్చంట్స్ పోర్ట్ కంపెనీకి 99 ఏళ్ల లీజుకిచ్చే ఒప్పందం చేసుకుని డిసెంబరులో అప్పగించింది. కంపెనీ చెల్లించింది 112 కోట్ల డాలర్లు. వాదానికి ఉదాహరణ దొరికింది.

2018 జూన్ 25న న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన సుదీర్ఘ పరిశోధన కథనం దీన్ని ప్రపంచానికి చేరవేసింది. 2012లో అటు పక్కగా వేల ఓడలు సాగిపోతుండగా రేవుకు వచ్చినవి 34 మాత్రమేనని అది రాసింది. రేవును నిర్మించిన చైనా హార్బర్ కంపెనీ ఖాతా నుంచి 2015 ఎన్నికల్లో అధ్యక్షుడు మహింద రాజపక్స ప్రచారానికి డబ్బు చేరిందని కూడా పేర్కొంది; ఆయన ఆ ఆరోపణను ఖండించారు. అక్టోబరులో అమెరికా ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ హడ్సన్ ఇన్‌స్టిట్యూట్‌లో చైనాపై చేసిన ప్రసంగంలో శ్రీలంకను రుణ దౌత్యానికి నిదర్శనంగా ఎత్తిచూపారు. అంటే పత్రికా కథనం విధాన ప్రసంగానికి ఆధారమైంది, ఆ ప్రసంగం తిరిగి పత్రికలకు వార్త అయింది. ఆ వరసలో ఎన్ని కథనాలు ఒప్పంద పత్రాలను చూసి రాసినవో చెప్పడం కష్టం కాదు: చాలా కొద్ది.

పత్రాలు చూసినవారికి కనిపించిన చిత్రం వేరు. రేవు ఆలోచన చైనాది కాదు. కెనడా సహాయ సంస్థ డబ్బుతో ఎస్‌ఎన్‌సీ లావలిన్ 2003లోను, డెన్మార్క్ కంపెనీ రాంబోల్ 2006లోను సాధ్యాసాధ్యాలు పరిశీలించాయి. హంబన్‌టోట రాజపక్స సొంత జిల్లా. చైనా ఎగ్జిమ్ బ్యాంకు తొలి దశకు ఇచ్చిన సుమారు 30.7 కోట్ల డాలర్ల రుణంపై వడ్డీ 6.3 శాతం, రెండో దశకు ఇచ్చిన 75.7 కోట్లపై 2 శాతం. లీజు సొమ్ముతో ఈ అప్పులు తీరలేదు. అప్పు మాఫీ చేసి రేవు తీసుకున్న లావాదేవీయే కాదది. ఆ డాలర్లు విదేశీ మారక నిల్వల్లోకి చేరాయి, ఎగ్జిమ్ బ్యాంకు రుణాలు శ్రీలంక ఖాతాలోనే మిగిలాయి. అప్పటి విదేశీ రుణంలో చైనా వాటా పదోవంతు దరిదాపుల్లో ఉండగా, అంతర్జాతీయ బాండ్ మార్కెట్లలో తెచ్చిన అప్పు దానికి ఎన్నో రెట్లు. శ్రీలంక ఆర్థికవేత్త ఉమేశ్ మొరముదలి ఈ లెక్కలను ద డిప్లొమాట్‌లో వివరంగా రాశారు. బ్రిటన్ మేధావి సంస్థ చాతమ్ హౌస్ 2020 నివేదికా, అమెరికా పరిశోధకులు డెబొరా బ్రౌటిగమ్, మెగ్ రిత్‌మైర్ 2021 ఫిబ్రవరిలో ద అట్లాంటిక్‌లో రాసిన వ్యాసమూ అదే నిర్ధారణకు వచ్చాయి.

ఈ సవరణ కూడా మొత్తం కథ కాదు. ఓడలు రాని రేవుకు రుణమివ్వడంలో బ్యాంకు వివేకం, పోటీ టెండరు లేని కాంట్రాక్టు, లీజు సమయంలో డాలర్ల కోసం కటకటలాడుతున్న ప్రభుత్వానికి ఉన్న బేరమాడే శక్తి గురించిన ప్రశ్నలు అలాగే ఉన్నాయి. 2022 ఆగస్టులో చైనా పరిశోధక నౌకగా చెప్పుకున్న యువాన్ వాంగ్ 5 అక్కడ లంగరేసినప్పుడు, నౌకా స్థావరం భయాన్ని కొట్టిపారేసినవారు కూడా సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. సవరణ కథనాలు మొదటి కథనమంత దూరం వెళ్లలేదు. ‘అప్పు కట్టలేక రేవు వదులుకున్న శ్రీలంక’ అన్న ఒక్క వాక్యం ఏ దేశపు వార్తలోనైనా నేపథ్య పేరాగా ఇమిడిపోతుంది. ఎగ్జిమ్ రుణానికీ లీజు సొమ్ముకూ మధ్య తేడా ఇమడదు.

ఈ మూస తర్వాత ఇతర దేశాలకూ పాకింది. కెన్యా ఆడిటర్ జనరల్ లేఖ ఆధారంగా మొంబాసా రేవు రైల్వే రుణానికి తాకట్టులో ఉందని 2018 చివర్లో వార్తలు వచ్చాయి. 2021 నవంబరులో ఉగాండా ఎంటెబె విమానాశ్రయాన్ని చైనా స్వాధీనం చేసుకోబోతోందన్న కథనం కంపాలాలో పుట్టి రోజుల వ్యవధిలో భారతీయ చానళ్లకు చేరింది. రెండు చోట్లా స్థానిక ప్రభుత్వాలూ, చైనా వర్గాలూ ఖండించాయి. తర్వాత ఒప్పందాలు చదివిన పరిశోధకులకు ఆస్తి తాకట్టు కనిపించలేదు. ఎంటెబె ఒప్పందంలో విమానాశ్రయ ఆదాయాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచాలన్న కఠినమైన షరతు మాత్రం కనిపించింది. నిజానికి అదే పెద్ద వార్త. శీర్షికకు అది పనికిరాలేదు.

వార్త తయారయ్యే తీరు

ఈ పథకంపై రాసే విలేకరికి మొదటి చిక్కు పరిధి. బీఆర్ఐ ప్రాజెక్టుల సమగ్ర అధికారిక జాబితాను చైనా ప్రచురించలేదు. 2013కు ముందే మొదలైన పనులు తర్వాత ఈ పేరు కింద చేరాయి. హంబన్‌టోట తొలి రుణం 2007 నాటిది. అందుకే పథకం విలువ ఒక కథనంలో లక్ష కోట్ల డాలర్లు, మరో దానిలో అందుకు ఎనిమిది రెట్లు. వాషింగ్టన్‌లోని సీఎస్ఐఎస్ పరిశోధకుడు జొనాథన్ హిల్‌మన్ 2018లోనే ఈ అంకెల గందరగోళాన్ని ఎత్తిచూపాడు. అయినా ‘ట్రిలియన్ డాలర్ల పథకం’ విశేషణంగా స్థిరపడిపోయింది.

రెండోది ఒప్పందాల గోప్యత. అమెరికాలోని ఎయిడ్‌డేటా తదితర సంస్థలు 24 దేశాలతో చైనా బ్యాంకులు కుదుర్చుకున్న 100 రుణ ఒప్పందాలను సంపాదించి 2021 మార్చిలో ప్రచురించాయి. వాటిలో గోప్యతా షరతులు విస్తారంగా ఉన్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఎయిడ్‌డేటా 165 దేశాల్లో 84,300 కోట్ల డాలర్ల విలువైన 13,427 ప్రాజెక్టులను లెక్కగట్టింది. ప్రభుత్వ లెక్కల్లోకి రాని అప్పు 38,500 కోట్ల డాలర్లని అంచనా వేసింది. పత్రికలు ఎక్కువగా ఎత్తుకున్నది ఈ చివరి అంకెనే. ఒప్పందం బయటపడని చోట ఊహకు అవకాశం దొరుకుతుంది. ఆ ఊహ తప్పని తేలినా, అందుకు దారి ఇచ్చింది గోప్యతే.

మూడోది మనుషుల కొరత. 2020 మార్చిలో మూడు ప్రధాన అమెరికన్ పత్రికల విలేకరులను చైనా బహిష్కరించింది. తన దేశంలోని చైనా ప్రభుత్వ మాధ్యమాల సిబ్బంది సంఖ్యపై అమెరికా అంతకుముందే పరిమితి పెట్టింది. 2023లో వీసాల వివాదంతో భారత్, చైనాల మధ్య కూడా విలేకరుల రాకపోకలు దాదాపు ఆగిపోయాయి. లావోస్, తజికిస్థాన్ లాంటి చోట్ల విదేశీ పత్రికలకు పూర్తికాలపు విలేకరులు అరుదు. ఆ ఖాళీని మేధావి సంస్థల నివేదికలు, వ్యాఖ్యాతలు, ఏజెన్సీ వార్తలు నింపుతున్నాయి.

దేశాలను బట్టి తేడాలు

‘విదేశీ మాధ్యమాలు’ అన్నది ఒకే గొంతు కాదు. బ్రసెల్స్‌లోని బ్రూగెల్ సంస్థ ప్రపంచవ్యాప్త వార్తల సమాచార నిధిని ఉపయోగించి 2019లో చేసిన విశ్లేషణలో సగటు ధోరణి సానుకూలంగానే తేలింది. మధ్య ఆసియాలో అది ఎక్కువ అనుకూలంగా, దక్షిణాసియాలో ఎక్కువ ప్రతికూలంగా ఉంది. 2023 నాటి పునఃపరిశీలనలో చాలా చోట్ల సుముఖత తగ్గింది.

భారత పత్రికలకు పాకిస్థాన్ నడవా ఆక్రమిత కశ్మీర్ గుండా వెళ్లడమే మొదటి అంశం. ఆర్థిక పేజీల్లో కన్నా విదేశాంగ, రక్షణ పేజీల్లోనే బీఆర్ఐ ఎక్కువగా కనిపిస్తుంది. పాకిస్థాన్‌లో అధికార వర్గాలు నడవాను దేశ భాగ్యరేఖగా వర్ణిస్తుండగా, డాన్ పత్రిక 2017 మే నెలలో, సరిగ్గా బీజింగ్ సమావేశం జరుగుతున్నప్పుడు, ఆ నడవా దీర్ఘకాలిక ప్రణాళిక ముసాయిదాలోని వివరాలను బయటపెట్టింది. వ్యవసాయ భూముల లీజు నుంచి నగరాల నిఘా వ్యవస్థ దాకా అందులో ఉన్నాయి. ఈ పథకంపై అత్యంత విలువైన పరిశోధనల్లో కొన్ని ఇలా రుణగ్రహీత దేశాల పత్రికల నుంచే వచ్చాయి.

మలేసియాలో వార్త దేశ రాజకీయాలతో పెనవేసుకుంది. 2018లో అధికారంలోకి వచ్చిన మహతిర్ మొహమద్ తూర్పు తీర రైలు మార్గాన్ని ఆపేసి, బీజింగ్‌లోనే కొత్త తరహా వలసవాదం గురించి హెచ్చరించారు. పాశ్చాత్య పత్రికలు దాన్ని బీఆర్ఐకి ఎదురుదెబ్బగా రాశాయి. 2019 ఏప్రిల్‌లో ఖర్చును 6,550 కోట్ల రింగిట్ల నుంచి 4,400 కోట్లకు తగ్గించి ఆయనే పనులు తిరిగి మొదలుపెట్టించారు. బేరం కుదిరిన వార్తకు నిలిపివేత వార్తంత చోటు దక్కలేదు.

చైనా ప్రభుత్వ మాధ్యమాలు

ఎదుటి పక్షంగా చైనా తన వార్తా యంత్రాంగాన్ని విస్తరించింది. ప్రభుత్వ టీవీ 2012 జనవరిలో నైరోబీ నుంచి ఆఫ్రికా ప్రసారాలు మొదలుపెట్టి, 2016 చివర్లో విదేశీ చానళ్లను సీజీటీఎన్ పేరు కిందికి తెచ్చింది. ప్రభుత్వ వార్తా సంస్థ షిన్హువా అనేక దేశాల పత్రికలతో వార్తల మార్పిడి ఒప్పందాలు చేసుకుంది. ప్రభుత్వ ఇంగ్లిష్ పత్రిక చైనా డైలీ పాశ్చాత్య పత్రికల్లో డబ్బిచ్చి ‘చైనా వాచ్’ అనుబంధాలు ప్రచురించింది. కొన్ని పత్రికలు తర్వాత వాటిని మానుకున్నాయి. 2017 సమావేశానికి ముందు అదే సంస్థ ఒక తండ్రి పడుకోబోయే కూతురికి బీఆర్ఐ గురించి కథలు చెబుతున్న వీడియోలు విడుదల చేసింది. వాటిని ఎగతాళి చేస్తూ వచ్చిన విదేశీ వ్యాఖ్యలతోనే అవి ఎక్కువ మందికి చేరాయి. ఈ మాధ్యమాల్లో పథకం చిత్రణ దాదాపు పూర్తిగా అనుకూలం: ఉభయ లాభం, ఉద్యోగాలు, ప్రారంభోత్సవాలు. ప్రాజెక్టు ఆలస్యాలు, స్థానిక నిరసనలు వాటిలో అరుదుగానే కనిపిస్తాయి.

తెలుగు పత్రికల్లో

తెలుగు దినపత్రికలకు ఈ పథకంలోని దేశాల్లో సొంత విలేకరులు లేరు. బీఆర్ఐ వార్త పీటీఐ, రాయిటర్స్, ఏఎఫ్‌పీ ఇంగ్లిష్ కాపీగా డెస్కుకు వచ్చి అనువాదమై అచ్చవుతుంది. ఏజెన్సీ కాపీలోని నేపథ్య పేరా అలాగే దిగిపోతుంది, శీర్షిక మాత్రం స్థానికంగా తయారవుతుంది. ‘డ్రాగన్ వల’, ‘అప్పుల ఊబి’ అన్నవి ఆ శీర్షికల్లో వాడుక పదాలు. సంపాదకీయ పేజీ వ్యాసాల్లో శ్రీలంక సంక్షోభాన్ని రాష్ట్రాల అప్పులతో పోల్చడం 2022లో విరివిగా జరిగింది. ఆ పోలికల్లో చైనా రుణం కన్నా ఉచిత పథకాలే అసలు చర్చ.

విధానాలపై ప్రభావం, ఇటీవలి స్థితి

పత్రికల చిత్రణ విధానాలనూ తాకింది. 2019లో జరిగిన రెండో సమావేశంలో షీ జిన్‌పింగ్ అవినీతి నివారణ, పర్యావరణ రక్షణ, రుణ సుస్థిరతల గురించి మాట్లాడారు. అంతకుముందు రెండేళ్ల విమర్శలకు అది సమాధానమని విశ్లేషకుల్లో చాలామంది భావించారు. అవతలి వైపు జీ7 దేశాలు 2021లో, ఐరోపా సమాఖ్య అదే ఏడాది డిసెంబరులో గ్లోబల్ గేట్‌వే పేరిట ప్రత్యామ్నాయాలు ప్రకటించాయి. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20 సమావేశంలో వెలువడిన భారత్–పశ్చిమాసియా–ఐరోపా నడవాను భారత పత్రికలు బీఆర్ఐకి పోటీగానే పరిచయం చేశాయి.

చైనా పెద్ద రుణాలు తగ్గించి ‘చిన్నవి, చక్కనివి’ అన్న నినాదం కింద సౌర విద్యుత్, టెలికాం పనుల వైపు మళ్లుతోంది. వాటికి రేవుకూ విమానాశ్రయానికీ ఉన్న దృశ్యబలం లేకపోవడంతో వార్తలూ తగ్గాయి. 2021 డిసెంబరులో మొదలైన సుమారు 600 కోట్ల డాలర్ల లావోస్–చైనా రైలు మార్గం మినహాయింపు: అప్పుల భయంతో రాసిన పత్రికలే తర్వాత పర్యాటకుల రద్దీ గురించి కూడా రాశాయి. హంబన్‌టోట రేవు ఇప్పుడు కార్లను ఒక ఓడ నుంచి మరో ఓడకు మార్చే కేంద్రంగా పనిచేస్తోంది. 2025 జనవరిలో శ్రీలంక అధ్యక్షుడు అనుర కుమార దిస్సనాయకె బీజింగ్ వెళ్లినప్పుడు, అక్కడ 370 కోట్ల డాలర్లతో చమురు శుద్ధి కర్మాగారం కట్టడానికి చైనా కంపెనీ సినోపెక్‌తో ఒప్పందం కుదిరింది.